ఇంటి భద్రతా కెమెరాలకు వర్చువల్ మెషీనా, ప్రత్యేక కంప్యూటరా?

ఇంటి చుట్టూ ఐపీ కెమెరాలు బిగించి, వాటి రికార్డింగులను బయటి క్లౌడ్‌కు అప్పగించకుండా సొంతంగా భద్రపరచుకోవాలనుకునే వారికి తొలుత ఎదురయ్యే ప్రశ్న ఇది: ఇప్పటికే నడుస్తున్న హోమ్ సర్వర్‌లో ఒక వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే మరో కంప్యూటర్) పెట్టుకుంటే చాలా, లేక ఈ పనికే ఒక కంప్యూటర్ కేటాయించాలా? రెండు విధాలుగానూ పని నడుస్తుంది. అయితే నిర్ణయాన్ని ప్రాసెసర్ వేగం చూసి తీసుకోకూడదు. రికార్డింగులు ఏ డిస్కు మీద పడతాయి, వీడియో డీకోడింగ్ (కుదించి వచ్చిన వీడియోను విప్పడం) ఎక్కడ జరుగుతుంది, ఆ యంత్రాన్ని ఎంత తరచుగా ఆపవలసి వస్తుంది అన్నవే అసలు తేల్చుకోవలసిన విషయాలు.

ముందుగా డిస్కు లెక్క వేసుకోండి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వీడియో పంపే కెమెరాను రోజంతా రికార్డు చేస్తే 43 గిగాబైట్లు దాటుతుంది. అలాంటివి నాలుగు ఉంటే రోజుకు సుమారు 173 గిగాబైట్లు, 30 రోజులు నిల్వ ఉంచాలంటే 5 టెరాబైట్లకు పైగా కావాలి. నాలుగు కెమెరాలూ కలిసి రాసేది సెకనుకు 2 మెగాబైట్లే కాబట్టి వేగం సమస్య కాదు. ఆ రాత ఎన్నడూ ఆగకపోవడమే సమస్య. మిగతా వర్చువల్ మెషీన్లు ఉన్న ఎస్‌ఎస్‌డీ మీదే దీన్ని కూడా రాయిస్తే ఆ డిస్కు త్వరగా అరిగిపోవడమే కాక, ఏదో ఒక రోజు నిండిపోయి, పక్కనున్న మెషీన్లను కూడా నిలిపివేస్తుంది. అందువల్ల వర్చువల్ మెషీన్‌నే ఎంచుకున్నా, రికార్డింగులకు మాత్రం ఒక హార్డ్ డిస్కును విడిగా కేటాయించి, దాన్ని నేరుగా ఆ మెషీన్‌కు అప్పగించాలి. వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవారు ఆ డిస్కు సెట్టింగుల్లో బ్యాకప్ అనే గుర్తును తీసివేయడం మరచిపోకూడదు. లేకపోతే రాత్రి జరిగే బ్యాకప్ ఆ టెరాబైట్లన్నింటినీ కాపీ చేయడానికి పూనుకుంటుంది.

డీకోడింగ్ సంగతి ఇంకాస్త చిక్కు. కెమెరా పంపిన స్ట్రీమ్‌ను (వీడియో ప్రవాహాన్ని) ఉన్నదున్నట్టుగా డిస్కు మీద రాయడానికి పెద్ద శక్తి అక్కరలేదు. కదలికను గుర్తించాలన్నా, మనిషికీ పిల్లికీ తేడా పసిగట్టాలన్నా ప్రతి స్ట్రీమ్‌నూ విప్పి చూడాలి. చాలా ఇంటెల్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్ భాగంలో ఉండే క్విక్ సింక్ అనే వీడియో విభాగం ఈ పనిని తేలికగా చేస్తుంది గానీ, వర్చువల్ మెషీన్‌కు అది దానంతట అది కనిపించదు. కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగులుండే బయోస్‌లో, పరికరాలను వర్చువల్ మెషీన్‌కు నేరుగా ఇవ్వనిచ్చే వీటీ-డీని ఆన్ చేసి, గ్రాఫిక్స్ భాగాన్ని ఆ మెషీన్‌కు పూర్తిగా అప్పగించాలి. అప్పుడు సర్వర్‌కు తగిలించిన మానిటర్ మీద ఏమీ కనిపించదు. పూర్తి వర్చువల్ మెషీన్ కాకుండా సర్వర్ వ్యవస్థనే పంచుకునే లినక్స్ కంటైనర్లలో అయితే అదే గ్రాఫిక్స్‌ను పంచుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా రికార్డింగుకు మెయిన్ స్ట్రీమ్‌నూ, గుర్తింపుకు తక్కువ రిజల్యూషన్ ఉన్న సబ్ స్ట్రీమ్‌నూ వాడితే భారం బాగా తగ్గుతుంది.

మనుషులనూ వస్తువులనూ గుర్తించే పనిని వేగంగా చేసే కోరల్ అనే యూఎస్‌బీ పరికరం వాడేవారు ఒక విషయం తప్పక గమనించాలి. అది మొదట ఒక ఐడీతో కనిపించి, పని మొదలుపెట్టగానే మరొక ఐడీకి మారుతుంది. మొదటి ఐడీని మాత్రమే వర్చువల్ మెషీన్‌కు కేటాయిస్తే, పని మొదలైన క్షణంలోనే పరికరం మాయమవుతుంది. ఐడీ ద్వారా కాక యూఎస్‌బీ పోర్టు ద్వారా కేటాయించాలి. వీలైతే యూఎస్‌బీ కంట్రోలర్‌నే మొత్తంగా ఇవ్వడం మరింత నమ్మకమైన మార్గం.

ఈ చిక్కులన్నీ చూశాక, సర్వర్ నిర్వహణ అలవాటు లేని ఇంటికి ప్రత్యేక కంప్యూటరే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. డెబియన్ ఆధారిత లినక్స్‌ను నేరుగా కంప్యూటర్ మీద వేసి, అందులో కంటైనర్లను నడిపే డాకర్ ద్వారా నడపడమే ఉత్తమమని, కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రిగేట్ రూపకర్తలు కూడా చెబుతారు. ఇంటెల్ ఎన్100 వంటి చిన్న ప్రాసెసర్‌లో కూడా క్విక్ సింక్ ఉంటుంది, విద్యుత్తు కూడా తక్కువే ఖర్చవుతుంది. అయితే చాలా మినీ పీసీల్లో 3.5 అంగుళాల డిస్కు పట్టదు కాబట్టి, ఆ చోటు ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్ కొన్నిసార్లు మేలు. అన్నింటికన్నా ముఖ్యం, వేరే ప్రయోగాల కోసం సర్వర్‌ను రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ కెమెరాల రికార్డింగులో ఖాళీ పడదు.

అలాగని వర్చువల్ మెషీన్‌ను తీసిపారేయనక్కరలేదు. బ్లూ ఐరిస్ అనే మరో కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కావాలి. మీ సర్వర్ లినక్స్ మీద నడుస్తూ, డిస్కుకూ గ్రాఫిక్స్‌కూ చోటుండి, దాన్ని అరుదుగా మాత్రమే ఆపే అలవాటు మీకుంటే, విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో నడపడమే సహజమైన దారి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు సిస్టమ్ డిస్కును బ్యాకప్ తీసి, తేడా వస్తే నిమిషాల్లో వెనక్కి వెళ్లగలగడం నిజంగా గొప్ప సౌకర్యం.

ఏది ఎంచుకున్నా ఒక కెమెరాతో మొదలుపెట్టి, ప్రాసెసర్ భారం చూస్తూ ఒక్కొక్కటే కలపండి. ఈ పరీక్ష రాత్రి వేళ కూడా చేయాలి. చీకట్లో చిత్రంలో నలుసులు పెరిగి, బిట్‌రేటూ (సెకనుకు వచ్చే డేటా) తప్పుడు హెచ్చరికలూ రెండూ పెరుగుతాయి. చివరగా యంత్రాన్ని సక్రమంగా షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేసి, ఎవరూ లాగిన్ కాకుండానే రికార్డింగ్ తిరిగి మొదలైందో లేదో, మధ్యలో ఎన్ని నిమిషాలు పోయాయో టైమ్‌లైన్‌లో చూసుకోండి.