వాణిజ్య ఒప్పందాల అమలు, నాలుగో పాఠం: తీర్పు తర్వాతి క్యాలెండర్

పోయిన పాఠంలో ప్యానెల్ నివేదికను చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు మీ దేశమే గెలిచింది, ప్రపంచ వాణిజ్య సంస్థలోని వివాద పరిష్కార మండలి నివేదికను ఆమోదించింది అనుకుందాం. ఓడిన దేశం మాత్రం వివాదానికి కారణమైన సుంకాన్ని తీయలేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో డిక్రీ దొరుకుతుంది కానీ, జప్తుకు అమీనా రాడు. పైగా గడిచిన కాలపు నష్టానికి అక్కడ పరిహారం ఇచ్చే ఆనవాయితీ లేదు. అంటే ఎంత సాగదీస్తే ప్రతివాదికి అంత లాభం. అందుకే గెలిచినవాళ్లు ముందుగా క్యాలెండర్ చూడటం నేర్చుకోవాలి.

కాగితం తీసుకోండి. తీర్పు అమలుకు ఇచ్చిన ‘సహేతుక గడువు’ మార్చి 31తో ముగిసిందని రాయండి. వివాద పరిష్కార నిబంధనల్లోని 22వ అధికరణం ప్రకారం పరిహారంపై చర్చలకు 20 రోజులు, అంటే ఏప్రిల్ 20. అప్పటికీ కుదరకపోతే ప్రతీకార చర్యలకు అనుమతి అడగవచ్చు. సభ్యులంతా ఏకగ్రీవంగా వద్దంటే తప్ప మండలి అనుమతి ఇచ్చి తీరాలి. అడిగిన దేశమే వద్దనదు కదా! కానీ ఈ భరోసా గడువు ముగిశాక 30 రోజుల వరకే, అంటే ఏప్రిల్ 30. మీ చేతిలో ఉన్నది పది రోజులు. అంశం అజెండాలోకి ఎక్కాలంటే సమావేశానికి పది రోజులకు పైగా ముందే పంపాలి కాబట్టి, నిజానికి అదీ లేదు.

చిక్కు ఇక్కడే. “చట్టం మార్చేశాం, చూసుకోండి” అంటుంది ప్రతివాది. నిజంగా మార్చిందో లేదో తేల్చేది అవే నిబంధనల్లోని 21.5 అధికరణం కింద వేసే ప్యానెల్. దానికి 90 రోజులు. అది తేలేలోపు మీ పది రోజులు ఎప్పుడో అయిపోతాయి. 1999లో అరటిపండ్ల వివాదంలో అమెరికా, యూరోపియన్ యూనియన్ ఏది ముందన్న దగ్గరే పట్టుబట్టి కూర్చున్నాయి. ఆ తర్వాత దేశాలు ముందే ఒక అవగాహన పత్రం రాసుకోవడం మొదలుపెట్టాయి: మొదట 21.5, ఆపైన 22, గడువు దాటిందన్న అభ్యంతరం ఎవరూ లేవనెత్తరాదు. గెలిచిన వెంటనే అడగాల్సిన సంతకం ఇది. ఆలస్యం చేస్తే ప్రతివాది దానికీ బేరం పెడుతుంది.

అనుమతి వచ్చాక దెబ్బ ఎక్కడ కొట్టాలి? చిన్న దేశం దిగుమతులపై సుంకం పెంచితే యంత్రాలు, ముడిసరుకులు ప్రియమై తన పరిశ్రమే నొచ్చుకుంటుంది. అందుకే పరిస్థితి తీవ్రంగా ఉంటే వేరే ఒప్పందంలోని హక్కులను నిలిపివేయడానికి 22.3 అధికరణం అవకాశం ఇస్తుంది. అదే అరటిపండ్ల వివాదంలో 2000లో ఈక్వెడార్‌కు యూరోపియన్ యూనియన్‌పై ఏటా 20.16 కోట్ల డాలర్ల వరకు అనుమతి దక్కింది. అందులో కొంత పేటెంట్లు, కాపీరైట్ల వంటి మేధో సంపత్తి హక్కుల మీద వేసుకోవచ్చన్నారు. ఈక్వెడార్ దాన్ని వాడలేదు, మరుసటి ఏడాది రాజీ చేసుకుంది. ఆన్‌లైన్ జూదం కేసులో అమెరికాపై గెలిచిన చిన్న కరీబియన్ దేశం ఆంటిగ్వా కోరింది ఏటా 344.3 కోట్ల డాలర్లు, 2007లో మధ్యవర్తులు లెక్కగట్టింది 2.1 కోట్లు. అమెరికా పత్తి సబ్సిడీలపై గెలిచిన బ్రెజిల్ తీరు వేరు. 2010లో సుంకాలు పెంచబోయే సరుకుల జాబితాను ప్రచురించి, మేధో సంపత్తి వంతు కూడా వస్తుందని చెప్పింది. అమెరికా బేరానికి దిగింది. 2014లో 30 కోట్ల డాలర్లతో వివాదం ముగిసింది. నా దృష్టిలో జాబితా అంటే అలా ఉండాలి: అవతలి దేశంలో నోరున్న పరిశ్రమలకు తగిలేలా.

ఒక హెచ్చరిక. ప్యానెల్ నివేదికలపై అప్పీళ్లు వినే అప్పీలేట్ బాడీ 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ప్రతివాది అక్కడికి అప్పీలు చేస్తే నివేదిక ఆమోదమే ఆగిపోతుంది, మన క్యాలెండర్ మొదలే కాదు.

అభ్యాసం: సహేతుక గడువు సెప్టెంబరు 15న ముగుస్తుంది. సెప్టెంబరు 10న ప్రతివాది కొత్త చట్టం తెచ్చింది. రెండు కీలక తేదీలు గుర్తించి, అవగాహన పత్రాన్ని మూడు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో నష్టం మొత్తాన్ని లెక్కగట్టడం చూద్దాం.