కష్టంగా గడిచిన స్కూలు ఏడాదిని వెనక్కి తిరిగి చూడటం ఎలా?

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పరీక్షలయ్యాక "ఈ ఏడాది ఎలా గడిచింది?" అని అడిగితే పిల్లలు చాలామంది "ఒకటే టెన్షన్ టీచర్" అనేసి ఊరుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. మనకి బాగా గుర్తుండేవి రెండే: మరీ ఇబ్బంది పెట్టిన రోజూ, ఆఖర్న జరిగిందీ. 1993లో సైకాలజిస్టు డేనియల్ కానెమన్ బృందం కొందరి చేత నొప్పి పుట్టేంత చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించింది. ఇంకోసారి అదే 60 సెకన్లకి మరో 30 కలిపి, ఆ ఆఖరి 30 సెకన్లలో నీళ్ల చల్లదనం కాస్త తగ్గించింది. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది ఆ రెండోదే ఎంచుకున్నారు! బాధ ఎక్కువసేపు ఉన్నా, ఆఖరు కాస్త తేలిగ్గా గడిచిందే గుర్తుండిపోయింది. అందుకే గుర్తున్నదాన్ని నమ్ముకోకుండా కాగితాలు ముందేసుకుని కూర్చోమంటాను.

ఏడాదిలో రాసిన పరీక్ష పేపర్లన్నీ తేదీల వారీగా పేర్చండి. మార్కుల జోలికి పోవద్దు. తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఒక్క అక్షరం వెయ్యండి: అసలు రాకపోతే 'రా', తొందరపడితే 'తొ', టైం చాలకపోతే 'టై'. లెక్కల్లో వీక్ అని ఏడాదంతా బాధపడ్డ ఒకమ్మాయి ఇలా చేస్తే, ఆమె పేపర్ల నిండా 'తొ'లే తేలాయి. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే, విప్పేటప్పుడు లోపలి మొదటి పదానికి గుర్తు మార్చి, రెండోదాన్ని అలాగే దించేసేది. ఆ తర్వాత స్టెప్పులన్నీ కరెక్టే, జవాబు మాత్రం తప్పు. ఆమెకి కొత్త ట్యూషన్ ఎందుకు? ఆ లైను దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు.

'రా' ఎక్కువగా ఉన్న పాఠాలు ఎలా చదివారో నోట్సు తీసి చూడండి. పేజీ నిండా రంగు గీతలే ఉండి, చూడకుండా రాసుకున్నది ఏమీ లేకపోతే కారణం దొరికినట్టే. రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో చేసిన ప్రయోగంలో, చదివిందే మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి.

'తొ'లు, 'టై'లు ఒకే నెలలో గుంపుగా కనిపిస్తే ఆ రోజుల్లో నిద్ర ఎంతో గుర్తు చేసుకోండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలి.

ఈ పని ఒంటరిగా చెయ్యండి. అమ్మానాన్నలు పక్కనుంటే అది మార్కుల పంచాయితీ అయిపోతుంది. అర్థం కాని చోట విసుక్కోకుండా చెప్పిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ఆ పేరు కూడా పేపరు మీద రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది ఎవరిని అడగాలో తెలుస్తుంది.

చివరికి మార్చుకోవాల్సింది ఒక్కటే రాయండి. "బాగా చదువుతాను" అని రాస్తే నేనైతే కొట్టేస్తాను. "ప్రతి శనివారం పుస్తకం మూసేసి, ఆ వారం పాఠాన్ని ఒక పేజీలో రాస్తాను" అంటే టిక్కు పెడతాను.