కథలకూ కవితలకూ ఒక వెబ్ పత్రిక: నడిపే పద్ధతి

పత్రికకు పేరు వెతకడానికి ముందే, మీరు నెలకు ఎన్ని గంటలు చదవగలరో కాగితం మీద లెక్క వేసుకోండి. మూడు వేల మాటల కథను శ్రద్ధగా చదవడానికి 20 నిమిషాలు, దాని గురించి ఆలోచించి రచయితకు నాలుగు మాటలు రాయడానికి మరో 10 నిమిషాలు పడతాయనుకుంటే, నెలకు 40 కథలు వచ్చే పత్రికకు తొలి చదువుకే 20 గంటలు కావాలి. ఎంచుకున్న నాలుగైదింటిని మళ్ళీ చదివి, పరిష్కరించి, ప్రూఫులు దిద్ది, సంచికలో అమర్చడానికి దాదాపు అంత సమయమూ పడుతుంది. ఈ లెక్క తేలిన తరువాతే సంచిక నెలకొకటి రావాలా, మూడు నెలలకొకటి రావాలా అన్నది నిర్ణయించాలి. ఇద్దరు ముగ్గురు తీరిక వేళల్లో నడిపే పత్రికకు త్రైమాసికమే తగినదని నా అభిప్రాయం. ఏడాదికి నాలుగే సంచికలు వచ్చినా, చెప్పిన తేదీకి వచ్చే పత్రికకు రచయితలు తమ మంచి రచనను పంపుతారు.

ఆ తరువాత రాయవలసింది నియమాల పేజీ. రచన సొంతమనీ, అనువాదమూ అనుసరణా కాదనీ, మరెక్కడా ప్రచురణ కాలేదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ రచయిత దగ్గర హామీ తీసుకోవడం మనకు అలవాటే. అయితే ఆ హామీలోని ప్రతి మాటకూ అర్థమేమిటో మనం చెప్పాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కవిత ప్రచురితమైనట్టా, కానట్టా? వేరే పత్రికకు పంపకూడదనే మాటకు ఎన్నాళ్ళ గడువు? ఒక రచనను మన దగ్గరే ఉంచమని రచయితను కోరినప్పుడు, ఇన్ని వారాల్లో జవాబిస్తామని మనమూ రాసి ఇవ్వాలి. ఆ గడువు దాటితే రచయిత దాన్ని ఇంకెక్కడికైనా పంపుకోవచ్చని అదే వాక్యంలో చెప్పాలి. గడువు లేని హామీ రచయితను కట్టిపడేస్తుంది. కథకు మాటల పరిమితి, ఒకసారి పంపదగిన కవితల సంఖ్య, పారితోషికం ఉందా లేదా అన్నవి కూడా ఈ పేజీలోనే ఉండాలి. పారితోషికం ఇవ్వలేకపోతే ఆ మాట స్పష్టంగా రాయండి.

హక్కుల విషయంలో చిన్న పత్రికలు చాలా అజాగ్రత్తగా ఉంటాయి. కాపీరైట్ గురించి దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని అనుసరించే దేశాల్లో కాపీరైట్ రచనతోపాటే రచయితకు దక్కుతుంది, నమోదు చేయించుకోనక్కరలేదు. పత్రికకు కావలసినవి రెండే: మొదటిసారి ప్రచురించే హక్కు, ఆ ప్రచురణను పాత సంచికల్లో నిలిపి ఉంచుకునే అనుమతి. తరువాత ఆ కథ రచయిత సంపుటిలో చేరినా, అనువాదమైనా, సినిమా అయినా మనకు సంబంధం లేదు. తొలి ప్రచురణ మన పత్రికలో అని ఒక వాక్యం వేయమని కోరితే చాలు. ఇంతకుమించి అడిగే ఒప్పందాన్ని నేను ఏ రచయితకూ పంపను.

రచనలు అందుకోవడానికి ఒకే చిరునామా పెట్టండి. ఈమెయిల్ అయినా, గూగుల్ ఫారం అయినా పనికి వస్తుంది కానీ, కొన్ని అక్కడా కొన్ని వాట్సాప్‌లోనూ చేరడం మొదలైతే ఏదో ఒక రచన తప్పక గల్లంతవుతుంది. వచ్చిన ప్రతి రచననూ ఒక పట్టికలో ఎక్కించాలి: చేరిన తేదీ, ఎవరు చదివారు, ఏమనుకున్నారు, జవాబు ఎప్పుడు వెళ్ళింది. ఫైలు, ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా తెలుగు ఒకేలా కనిపించే యూనికోడ్‌లోనే ఉండాలని పట్టుబట్టండి. అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును మార్పిడి చేసినప్పుడు వత్తులు జారిపోతాయి, గుణింతాలు తారుమారవుతాయి. ఆ తప్పులు ఏరడానికి పట్టే కాలంలో మరో రెండు కథలు చదవవచ్చు.

చదవడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పత్రిక బాగోగులు అక్కడే తేలుతాయి. వీలైతే రచయిత పేరు తీసేసి ఇద్దరికి ఇవ్వండి, ఒకరి అభిప్రాయం మరొకరు చూడకముందే ఇద్దరూ తమ మాట రాసిపెట్టాలి. ఇద్దరూ సరేనన్న కథ కంటే, ఒకరికి బాగా నచ్చి మరొకరికి అసలు నచ్చని కథ మీదే ఎక్కువసేపు మాట్లాడుకోవాలి. ఎవరికీ అభ్యంతరం లేనివే ఏరుతూ పోతే కొన్ని సంచికల తరువాత పత్రిక చప్పబడిపోతుంది. తీసుకోలేని రచన గురించి గడువులోగా రాయండి. అన్నిటికీ విమర్శ రాయనక్కరలేదు, రాయలేము కూడా. కానీ చివరి వరకు వచ్చి ఆగిపోయిన కథకు ఎక్కడ ఆగిపోయిందో రెండు వాక్యాల్లో చెప్పాలి. ‘ప్రమాణాలకు తగినట్టు లేదు’ అనే వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ‘తండ్రి తిరిగి వచ్చే వరకు కథ మమ్మల్ని పట్టి ఉంచింది, ఆ తరువాతి రెండు పేజీలు అప్పటికే అర్థమైనదాన్ని మళ్ళీ వివరిస్తున్నాయి’ అన్న జవాబును ఆ రచయిత దాచుకుంటారు, తిరిగి రాసినప్పుడు ముందుగా మీకే పంపుతారు.

యంత్రం (ఏఐ) రాసిన రచనల గురించి కూడా నియమం ఉండాలి. క్లార్క్స్‌వరల్డ్ అనే ఆంగ్ల సైన్స్ ఫిక్షన్ పత్రిక అలాంటి కథల వెల్లువ తట్టుకోలేక 2023 ఫిబ్రవరిలో కొంతకాలం రచనల స్వీకరణ ఆపివేయవలసి వచ్చింది. వాటిని పసిగడతామనే సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఎవరినీ నిందించకండి, నిజంగా రాసినవారి మీద ఆ నింద పడితే తుడిచివేయలేము. అనుమానం ఉంటే రచన గురించి రచయితతో మాట్లాడండి.

ఎంచుకున్న రచనను పరిష్కరించేటప్పుడు అచ్చుతప్పులు దిద్దడం వేరు, వాక్యం మార్చడం వేరు. మొదటిది మీ పని. రెండవది రచయిత అనుమతితో జరగవలసినది. ప్రతి మార్పూ కనిపించేలా గుర్తుపెట్టి, కారణం పక్కన రాసి పంపండి. మాండలికంలో రాసిన కథను ‘సరిచేయడం’ అన్నిటికన్నా పెద్ద తప్పు: సంభాషణలోని ఒక క్రియారూపం మారితే ఆ పాత్ర వేరే ఊరిదైపోతుంది. నా తొలి రోజుల్లో ఒక కథలో అలాంటి మాటలు మూడింటిని అడగకుండా మార్చాను. రచయిత్రి కోపగించుకోలేదు కానీ మళ్ళీ ఏమీ పంపలేదు. అప్పటి నుంచి రచయిత చూసి సరేననని ప్రూఫు ఏదీ ప్రచురణకు పోనివ్వడం లేదు.

కవితకు మరో ఇబ్బంది ఉంది. కథలో వాక్యం ఎక్కడ విరిగినా నష్టం లేదు, కవితలో పాదం ఎక్కడ విరగాలో కవి నిర్ణయించి ఉంటాడు. వర్డ్ ఫైలు నుంచి నేరుగా అతికిస్తే, పాదాల మధ్య పేరాల ఎడం వచ్చి చరణాల విభజన కనిపించకుండా పోతుంది. పొడవైన పాదం ఫోను తెర మీద రెండుగా విరిగి, రెండవ ముక్క కొత్త పాదంలా కనిపిస్తుంది. అందుకని విరిగిన భాగం కొంచెం లోపలికి జరిగి మొదలయ్యేలా పేజీని అమర్చాలి, చరణాల మధ్య ఎడం పాదాల మధ్య ఎడం కంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. బొమ్మగా పెడితే ఈ బెడద ఉండదు కదా అని కొందరు అంటారు. కానీ బొమ్మలోని అక్షరాలు వెతికితే దొరకవు, చూపు లేనివారికి చదివి వినిపించే సాధనాలు వాటిని సరిగా అందుకోలేవు. సంచిక వెలువడే ముందు ప్రతి కవితనూ చిన్న ఫోనులో ఒకసారి చూడండి, కవికీ చూపించండి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటును ఉంచే చోటు) ఖర్చులను కనీసం రెండేళ్ళకు ముందే పక్కన పెట్టుకోండి. రచన చదవడానికి రచయిత దగ్గర రుసుము తీసుకోవద్దు.

పాత సంచికలను కాపాడటం మాత్రం కొత్త సంచిక తేవడమంత ముఖ్యం. డొమైన్ గడువు తీరిందని ఎవరూ గమనించక, ఏళ్ళ తరబడి వచ్చిన కథలన్నీ ఒక్కరోజులో మాయమైన పత్రికను నేను చూశాను. అక్కడ తప్ప మరెక్కడా ప్రతి లేని రచయితలు ఉన్నారు. డొమైన్ ఇద్దరి పర్యవేక్షణలో ఉండాలి. ప్రతి రచన చిరునామా శాశ్వతంగా ఒకటే ఉండాలి, సైటు రూపం మార్చినప్పుడు పాత లంకెలు కొత్త పేజీలకు చేరాలి. సంచిక వెలువడిన వారంలోనే పూర్తి ప్రతిని వేరే చోట భద్రపరచండి, 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పేజీలను నమోదు చేయండి. పత్రికలను గుర్తించడానికి ఇచ్చే ఎనిమిది అంకెల ఐఎస్ఎస్ఎన్ సంఖ్య తీసుకుంటే గ్రంథాలయాల జాబితాల్లో పత్రికను గుర్తించడం తేలికవుతుంది. ఎప్పుడైనా పత్రిక ఆపవలసి వస్తే, రచయితలందరికీ కనీసం మూడు నెలల ముందు ఉత్తరం రాసి, ఎవరి రచన ఫైలు వారికి పంపి, అప్పటికి పరిశీలనలో ఉన్నవాటిని ఇంకెక్కడికైనా పంపుకోవచ్చని చెప్పిన తరువాతే చివరి సంచిక వేయండి.