విడిపోయినాక కాగితాలు సర్దుకోవడం ఎట్ల? 3వ పాఠం: ఓనరమ్మకి ఏమని చెప్పినారు

పెళ్లి కాకుండా కలిసి ఉండి విడిపోయినవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో ఒక పని ఇచ్చినా, గుర్తుందా? ఎప్పుడు కలిసి ఉండడం మొదలుపెట్టినారు, యాడ యాడ ఇండ్లు మారినారు, ఎప్పుడు విడిపోయినారు, ఇదంతా ఒకే పేజీలో తేదీలతో రాయమన్నా. ఇది రాసేటప్పుడు ఎవరైనా చేసే తప్పు ఒకటే, కూర్చున్న పది నిమిషాలకే అది లెక్క కాకుండా కథ అయిపోతుంది, "మొదట్లో ఎంత బాగా చూసుకునేవాడో" అని మూడు పేజీలు పోతాయి. ఏడుపొస్తే ఏడ్చుకోండి, కానీ ఆ పేజీలో మాత్రం తేదీ, ఇల్లు, చూసిన మనిషి, ఈ మూడే ఉండాల. కథ రాసేసి ఉంటే అది పక్కన పెట్టి ఇంకో పేజీ తీయండి.

ఈరోజు ఆ పేజీకి రుజువులు తగిలిస్తాం. రెండు కవర్లు తీసుకోండి, ఒకదాని మీద 'సంసారం' అని, ఇంకోదాని మీద 'డబ్బు' అని రాయండి. రెండూ కలిపేసి ఒకే సంచిలో పోసుకోని పోతే లాయరు సార్ కూడా తల పట్టుకుంటాడు, ఎందుకంటే ఈ రెండూ కోర్టులో వేరే వేరే దారుల్లో పోతాయి.

ముందు సంసారం కవరు. 2005 గృహ హింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, దాంట్లో 'పెళ్లి లాంటి సంబంధం' అనే మాట ఉంది. తాళి కట్టకుండా కలిసి ఉన్న ఆడమనిషికి కూడా తలుపు తెరిచింది ఆ ఒక్క మాటే. కానీ ఆ మాటకి అర్థం ఏందో చట్టంలో విడమర్చి రాయలేదు, అందుకే 2010లో వేలుసామి కేసులో సుప్రీం కోర్టు కొలతలు పెట్టింది. ఇద్దరికీ పెళ్లి వయసు ఉండాల, ఇద్దరికీ వేరే పెళ్లి ఉండకూడదు, ఇష్టపడి చెప్పుకోదగినంత కాలం ఒకే ఇంట్లో ఉండాల, నలుగురి ముందర మొగుడూ పెళ్లాల లాగా కనబడాల. ఊరికే శని ఆదివారాలు కలిసి గడిపితే అది లెక్కలోకి రాదని కూడా చెప్పింది. 2013లో ఇంద్ర శర్మ కేసులో ఇంకొన్ని కలిపినారు, ఖర్చులు ఎట్ల పంచుకున్నారు, ఇంటి పనులు ఎవరు చేసినారు, పిల్లలు ఉన్నారా, బంధువుల్లో ఎట్ల మెలిగినారు, ఇట్లాంటివి. ఆ కేసులో ఆమె ఏళ్ల తరబడి కలిసి ఉన్నా కూడా ఓడిపోయింది, ఆయనకి ముందే భార్య ఉందని ఆమెకి తెలుసు కాబట్టి. నాకు ఈ తీర్పు ఎప్పుడు చదివినా మింగుడు పడదు, కానీ చట్టం ఇప్పటికి అట్లనే ఉంది, మీ కేసు అట్లాంటిదైతే లాయరుకి మొదటి రోజే చెప్పేయండి, దాచిపెడితే అవతలి లాయరు చెప్తాడు.

ఇప్పుడు ఒక ఉదాహరణ పట్టుకుందాం, కల్పించిందే. అమ్మాయి రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని, అబ్బాయిది తిరుపతిలో సెల్ షాపు. కొర్లగుంటలో రెండు రూముల ఇల్లు, బాడుగ 8,000, నాలుగేళ్లు ఉన్నారు. అగ్రిమెంటు అబ్బాయి పేరు మీద. తిరుపతిలో పెళ్లి కాని జంటకి ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి వీళ్లు ఓనరమ్మకి "మేం మొగుడూ పెళ్లాలం, కొండ మీద పెళ్లి చేసుకున్నాం" అని చెప్పి దిగినారు. ఆ అమ్మాయి ఇప్పుడు సిగ్గుపడతా ఉంది, అబద్ధం చెప్పినాం కదా, కోర్టులో ఇది బయటపడితే ఎట్ల అని. అట్ల అనుకోవద్దు. ఓనరమ్మ వచ్చి "వాళ్లు మాకు మొగుడూ పెళ్లాలమనే చెప్పినారు, వీధిలో అందరం అట్లనే అనుకున్నాం" అని చెప్తే, నలుగురి ముందర ఎట్ల ఉన్నారు అనే ప్రశ్నకి అంతకంటే మంచి జవాబు ఏముంది? అదే "అన్నా చెల్లెళ్లం" అని చెప్పి దిగి ఉంటే మాత్రం ఆ నాలుగేళ్లు నెత్తి మీద కూర్చుంటాయి.

కాబట్టి ఈ కవర్లోకి ఏం పోతాయంటే బాడుగ అగ్రిమెంటు కాపీ, గ్యాస్ బుక్కు, ఆ అడ్రస్‌తో వచ్చిన కొరియర్ బిల్లులు, ఆసుపత్రిలో 'భర్త' అని సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉంటే అది (ఇది బంగారం అనుకోండి), ఫ్రెండు గృహప్రవేశానికి ఇద్దరి పేర్లూ రాసి పంపిన కార్డు. బిడ్డ ఉంటే బర్త్ సర్టిఫికెట్. బిడ్డ విషయంలో తల్లిదండ్రులకి పెళ్లి అయ్యిందా లేదా అనేది అడ్డు కాదు, తండ్రి పోషణ ఖర్చు ఇవ్వాల్సిందే, పాత సీఆర్‌పీసీలో ఉన్న 125 సెక్షనే ఇప్పుడు దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయ్యింది.

ఇంకోటి. విడిపోయినంత మాత్రాన గృహ హింస చట్టం కింద డబ్బు రాదు, హింస చూపించాల. అంటే కొట్టడం ఒక్కటే కాదు, తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకుండా ఆపేయడం, మీ నగలు ఆయన దగ్గర పెట్టుకోవడం, మీరు డ్యూటీకి పోయినప్పుడు తాళం మార్చేయడం, ఇవన్నీ వస్తాయి. పిటిషన్ ఆడమనిషి తరఫునే వేయాల. మగవాళ్లూ, మీకు ఈ కవరుతో పని తక్కువ, రెండో కవరు చూసుకోండి.

డబ్బు కవరు దగ్గరే నిజంగా మోసపోయేది. పెళ్లాం కాదు కాబట్టి ఆయన ఆస్తిలో వాటా అనే మాటే రాదు, ఆమె ఆస్తిలో ఆయనకీ రాదు. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లది. మన ఉదాహరణలో అమ్మాయి చంద్రగిరి పక్క ప్లాటుకని 3,50,000 ఫోన్‌పేలో నాలుగైదుసార్లు పంపింది, రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీద అయ్యింది. ఇప్పుడు ఆమె "నా డబ్బుతో నా కోసమే ఆయన పేరు మీద కొన్నాం" అంటే బినామీ చట్టం, అంటే ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొనొద్దనే చట్టం, గొంతు మీదికి వస్తుంది, మొగుడు పెళ్లాం పేరు మీద కొంటే మినహాయింపు ఉంది గానీ కలిసి ఉన్న జంటకి లేదు. "అప్పుగా ఇచ్చినా, తిరిగి ఇవ్వమను" అనేది వేరే దారి, దానికి మామూలుగా డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఆయన ఏమంటాడో నేను ఇప్పుడే చెప్తా, "ప్రేమతో ఇచ్చింది సార్" అంటాడు. అందుకే పంపేటప్పుడు రిమార్క్స్‌లో ఏం రాసినారు, ఆ రోజు వాట్సాప్‌లో ఏం మాట్లాడుకున్నారు అనేది చూడాల. "ప్లాటు అడ్వాన్సుకి, తర్వాత ఇచ్చేస్తా" అని ఆయన పెట్టిన ఒక్క మెసేజి ఉంటే పది మంది సాక్షుల పెట్టు.

ఆ మెసేజి స్క్రీన్‌షాట్ ఒక్కటే తీసి ఫోను అమ్మేయొద్దు. ఫోను అట్లనే పెట్టుకోండి, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిలుకి పంపుకోండి, మెసేజిలు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. కోర్టులో పెట్టేటప్పుడు దానికి ఒక సర్టిఫికెట్ కావాల, కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్, లాయరు తయారు చేయిస్తాడు. ఆయన ఫోన్ లాక్ తెలుసు కదా అని తీసి చూసే పని మాత్రం పెట్టుకోవద్దు, మీరే కేసులో ఇరుక్కుంటారు.

ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, మంచం, వీటికి బిల్లు ఎవరి పేరు మీదుందో, ఈఎంఐ ఏ అకౌంటు నుంచి కట్ అయ్యిందో చూసుకుంటే చాలు. బంగారం మాత్రం షాపు బిల్లు, మార్వాడీ దగ్గర కుదువ పెట్టి ఉంటే ఆ చీటీ, రెండూ వెతకండి. చీటీ ఆయన పేరు మీద ఉంటుంది చాలాసార్లు, ఫోటో అయినా ఉందేమో చూడండి.

లాయరుకి డబ్బుల్లేవు అని ఆగిపోవద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. ప్రమాదంగా ఉంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181. గృహ హింస కేసు మీరు ఇప్పుడు ఉండే ఊర్లో వేయొచ్చు, కొర్లగుంట వదిలేసి పలమనేరులో అమ్మగారింట్లో ఉన్నా అక్కడే వేసుకోవచ్చు, దానికోసం తిరుపతికి తిరగక్కర్లేదు.

హోంవర్కు: పోయినసారి రాసిన పేజీలో ప్రతి తేదీ పక్కన చిన్నగా 'సం' అనో 'డ' అనో వేయండి, ఏ కవర్లో దానికి కాగితం ఉందో. కాగితం లేని తేదీకి సున్నా చుట్టండి. వచ్చే పాఠంలో ఆ సున్నాల సంగతి చూస్తాం, ఓనరమ్మని సాక్షిగా రమ్మని ఎట్ల అడగాలో కూడా.