గాలం పాఠాలు – 4: కొక్కెం కొనేటప్పుడు

కిందటిసారి దారం, ముడులు చూశాం. ఈసారి కొక్కెం, అదీ పట్టిన చేపను బతికుండగా వదిలేయడానికి పనికొచ్చేది. హైదరాబాద్ నుంచి సూర్యలంక బయల్దేరే మనలో చాలామంది చెరువు గట్టున నేర్చుకున్నవాళ్లమే. బెండు మునిగిందా, కర్ర ఎత్తేశామా! ఈ పాఠంలో ముందు మానుకోవాల్సింది ఆ అలవాటే.

షాపులో జె హుక్కునీ, సర్కిల్ హుక్కునీ పక్కపక్కన పెట్టించుకుని చూడండి. మొదటిదాని మొన నిటారుగా పైకి ఉంటుంది. రెండోదాని మొన లోపలికి, కాడ వైపు తిరిగి ఉంటుంది. ఎర మింగిన చేపను లాగితే జె హుక్ గొంతులోనో మొప్పల్లోనో దిగొచ్చు. సర్కిల్ హుక్ ఎక్కువసార్లు అక్కడ పట్టు దొరక్క జారి వచ్చి, నోటి మూల దగ్గర తిరిగి గుచ్చుకుంటుంది. అమెరికా తూర్పు తీరంలో చారల బాస్ చేపకు ఎర గుచ్చి గాలం వేస్తే ఇదే వాడాలని 2021 నుంచి నిబంధన ఉంది.

నా మొదటి ట్రిప్పులో అరచేయంత జెల్ల పిల్ల ఒకటి జె హుక్కును పూర్తిగా మింగేసింది. వదిలేద్దామనే ప్లయర్‌తో పీకాను. మొప్పల్లోంచి రక్తం కారింది. నీళ్లలో వేస్తే వెల్లకిలా తేలింది. పీకకుండా నోటి దగ్గర దారం కత్తిరించాల్సింది. మామూలు కొక్కెమైతే లోపలే తుప్పు పట్టి ఊడిపోవచ్చు. స్టెయిన్‌లెస్‌ది అంత తేలిగ్గా పట్టదు, మెరుస్తోందని కొనకండి.

ఇంకొకటి. కొక్కేన్ని గాజు కౌంటర్ మీద పడుకోబెట్టండి. మొన పక్కకి లేచి ఉంటే అది ఆఫ్‌సెట్ రకం, లోతుగా దిగే ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది. షాపువాడు విసుక్కున్నా ఈ పరీక్ష మానొద్దు.

కొక్కెం ముల్లును, అంటే మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న కొసను, ప్లయర్‌తో నొక్కేయండి. అది లేకపోయినా దారం వదులవకపోతే చేప తప్పించుకోవడం కష్టమే. మరీ సన్న దారం కూడా వద్దు, తెగుతుందేమోనని మెల్లగా లాగాల్సి వస్తుంది. పెనుగులాట సాగేకొద్దీ చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. బాగానే ఈదుకుంటూ వెళ్లింది కూడా తర్వాత చచ్చిపోవచ్చు.

ఇంటిపని: మందపాటి తోలు గ్లవుజు తొడుక్కుని, దారం కట్టిన సర్కిల్ హుక్కును గుప్పిట్లో వదులుగా పట్టుకోండి. మెల్లగా లాగితే జారుతూ వచ్చి గుప్పిటి అంచు దగ్గర తిరుగుతుంది. జె హుక్కుతో మాత్రం ప్రయత్నించకండి.

ఒడ్డున కూడా అంతే. రాడ్ వంగాక కుదపొద్దు, రీల్ తిప్పుతూ పోండి. నేనింకా ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టి మొదలుపెడతాను. పక్కవాళ్లు నవ్వుతుంటారు.

వచ్చే పాఠం: తడి చేతులు, చేపను వదిలే పద్ధతి.