సొంతంగా కట్టే పాతకాలపు విమానానికి నమ్మదగిన రేడియల్ ఇంజిన్‌ను ఎలా ఎంచుకోవాలి?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ క్యామెల్ లాంటి విమానానికి నకలు కట్టాలనుకునేవాళ్ళలో చాలామంది ముందు రెక్కల పని మొదలుపెడతారు. ఇంజిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఒక్క కర్ర కోయకముందే ఇంజిన్ తేల్చుకోండి. ముక్కు ఎంత పొడవుండాలో, ఎంత పెద్ద ప్రొపెల్లర్ పడుతుందో, చక్రాల కాళ్ళు ఎంత ఎత్తుండాలో చెప్పేది ఇంజినే.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. అసలు క్యామెల్‌లో ఉన్నది రోటరీ ఇంజిన్. అందులో క్రాంక్‌షాఫ్ట్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) విమానానికి బిగించేసేవారు. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరిగేవి. దానికి పోసిన నూనె ఏమిటనుకున్నారు? ఆముదం! అది పెట్రోలులో తేలిగ్గా కరగదు కాబట్టి అదే వాడేవారు. పోసిన నూనె మళ్ళీ ట్యాంకుకు చేరేది కాదు, పొగతోపాటు బయటికి పోయేది. రేడియల్ కూడా చూడటానికి అలాగే, సిలిండర్లు షాఫ్ట్ చుట్టూ పేర్చినట్టు ఉంటుంది కానీ దాని సిలిండర్లు కదలవు, షాఫ్ట్ మాత్రమే తిరుగుతుంది. వారం వారం ఎగరాలనుకునేవారికి రేడియలే సరైనది.

1. బరువు చూడండి, హార్స్‌పవర్ తర్వాత

క్యామెల్‌లో వాడిన క్లెర్గెట్ 9బి ఇంజిన్ శక్తి 130 హార్స్‌పవర్, బరువు సుమారు 170 కిలోలు. ఆ బరువును లెక్కలో పెట్టుకునే క్యామెల్ ముక్కును అంత పొట్టిగా గీశారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో తయారయ్యే రోటెక్ ఆర్2800 చూడండి. 7 సిలిండర్లు, 110 హార్స్‌పవర్, బరువు 100 కిలోలకు కాస్త అటూ ఇటూ. తేలికే కదా అని సంబరపడితే విమానం తోక బరువెక్కి కూర్చుంటుంది. అలాంటి విమానం గాల్లో ముక్కు పైకెత్తి, స్టాల్ అయితే (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి వస్తే) తేరుకోవడం కష్టమవుతుంది. దాన్ని సరిచేయాలంటే ఇంజిన్ మౌంటును (ఇంజిన్‌ను బిగించే చట్రాన్ని) ముందుకు సాగదీయాలి, లేదా ముక్కులో సీసం పెట్టాలి. మొదటి పని చేస్తే క్యామెల్ రూపం చెడుతుంది, రెండోది చేస్తే డబ్బు పెట్టి కొన్న తేలికదనం వృథా. సుమారు 140 కిలోలుండే పాత అమెరికన్ వార్నర్ సూపర్ స్కారబ్ (145 హార్స్‌పవర్) ఇలాంటి నకళ్ళకు ఇష్టమైనదవడానికి ఇదొక కారణం.

2. ప్రొపెల్లర్ ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అడగండి

అప్పటి రోటరీలు నిమిషానికి 1,200 చుట్ల ప్రాంతంలో తిరిగేవి. ముందు రెండున్నర మీటర్ల ప్రొపెల్లర్ ఉండేది. తీగలు, బద్దలు, రెండు వరసల రెక్కలు ఉన్న విమానం గాలిని చీల్చుకుని వేగంగా పోలేదు. అలాంటి దాన్ని లాగడానికి పెద్ద ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగడమే మేలు. రోటెక్‌లో 3:2 గేరు (ఇంజిన్ మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ రెండు చుట్లు) ఉన్నది ఇందుకే. చెక్ దేశపు వెర్నర్ ఇంజిన్లు గేరు లేకుండానే నెమ్మదిగా తిరుగుతాయి. కాగితం మీద రెండు ఇంజిన్ల హార్స్‌పవర్ ఒకటే అయినా లాగే బలం ఒకటి కాదు.

రష్యన్ ఎం14పి (360 హార్స్‌పవర్, 214 కిలోలు) మీద చాలామందికి మనసుంటుంది. గట్టి ఇంజిన్, కాదనను. కానీ క్యామెల్‌కు అది మరీ ఎక్కువ. స్టార్ట్ చేయడానికి ఒత్తిడితో గాలి నింపిన సీసా కావాలి, పైగా అమెరికన్ ఇంజిన్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. టేకాఫ్‌లో కాలు రెండో పెడల్ మీద వేయాల్సి వస్తుంది.

3. స్పేర్ పార్టులు ఎవరిస్తారో ముందే తేల్చుకోండి

నా దృష్టిలో నమ్మకం అంటే ఇదే. ఇంజిన్ కొనకముందే ఒక సిలిండరు, ఒక మాగ్నెటో (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే పరికరం), ఒక సెట్టు పిస్టన్ రింగులు ఎక్కడ దొరుకుతాయో ఫోన్ చేసి కనుక్కోండి. వార్నర్ కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత నిల్వలు, వాటిని బాగుచేసే కొద్దిమంది మెకానిక్‌లే దిక్కు. కాంటినెంటల్ డబ్ల్యూ670 కూడా పాతదే, కానీ స్టియర్‌మన్ శిక్షణ విమానాల్లోనూ స్టూవర్ట్ ట్యాంకుల్లోనూ వాడారు కాబట్టి పెద్ద సంఖ్యలో తయారైంది. 200 కిలోలు దాటుతుంది గనుక పెద్ద బైప్లేన్ (రెండు వరసల రెక్కల విమానం) కట్టేవారు దాని గురించి ఆలోచించవచ్చు.

అమెరికాలో కడుతున్నవారు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ప్రభుత్వ ఆమోదం పొందిన (సర్టిఫై అయిన) ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ ఉంటే పరీక్షా ప్రయాణాలు మామూలుగా 25 గంటలు, లేకపోతే 40 గంటలు.

4. పాత ఇంజిన్ చూడటానికి వెళ్ళినప్పుడు

ఇక్కడ తొందర పడకండి. ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) తర్వాత ఎన్ని గంటలు నడిచిందని అందరూ అడుగుతారు. మీరు ఎన్నేళ్ళు ఊరికే పడి ఉందో అడగండి. 20 ఏళ్ళ కిందట ఓవర్‌హాల్ చేసి షెడ్డులో ఉంచిన ఇంజిన్ లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. బోరోస్కోప్‌తో (ప్లగ్ రంధ్రంలోంచి లోపలికి చూసే సన్నని కెమెరాతో) ప్రతి సిలిండరు గోడా చూడండి.

కంప్రెషన్ పరీక్షలో సిలిండరులోకి చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపినప్పుడు 60 కన్నా కిందికి పడిపోతే అనుమానించండి. గాలి ఎక్కడ బుసకొడుతోందో చెవి పెట్టి వినండి. ఎగ్జాస్ట్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బ్యురేటర్ వైపయితే ఇన్‌టేక్ వాల్వ్, క్రాంక్‌కేస్ బ్రీదర్‌లో (ఇంజిన్ పెట్టె గాలి గొట్టంలో) అయితే రింగులు. తర్వాత ఆయిల్ జల్లెడ విప్పించండి. మెరిసే లోహపు ముక్కలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. రేడియల్‌లో ఒక వరుసలోని కనెక్టింగ్ రాడ్లన్నీ (పిస్టన్లను షాఫ్ట్‌కు కలిపే కడ్డీలు) ఒకే మాస్టర్ రాడ్‌కు తగిలించి ఉంటాయి. దాని బేరింగ్ పోతే ఇంజిన్ మొత్తం పోయినట్టే.

అమ్మేవాడు స్టార్ట్ చేసే తీరు కూడా గమనించండి. ఆగి ఉన్న రేడియల్‌లో ఆయిల్ కింది సిలిండర్లలోకి జారి చేరుతుంది. ద్రవాన్ని గాలిలా నొక్కి కుదించలేం. అలాగే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ రోజు ఏమీ తెలియకపోవచ్చు, ఎన్నో గంటల తర్వాత గాల్లో విరగవచ్చు. అందుకే ముందు ఇగ్నిషన్ ఆపి ఉందని చూసుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో అది తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. పట్టేస్తే కింది ప్లగ్ విప్పి ఆయిల్ కార్చాలి. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి ఎక్కి, స్టార్ట్ అవగానే మళ్ళీ సిలిండర్‌లోకి వస్తుంది. యజమాని ఇదేమీ చేయకుండా నేరుగా స్టార్టర్ నొక్కితే, అంతకుముందు ఎన్నిసార్లు అలా నొక్కాడో ఆలోచించండి. నేనైతే ఆ ఇంజిన్ కొనను.

5. చల్లదనం

క్యామెల్ మూతి రేకును (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగును) తిరిగే సిలిండర్ల కోసం చేశారు. కదలని సిలిండర్ల మధ్య గాలి దానంతటదే సరిగ్గా పారదు, గాలిని దారి మళ్ళించే రేకు పలకలు (బ్యాఫిల్స్) పెట్టాలి. ఒక్క సిలిండరుకే కాకుండా అన్నిటికీ ఉష్ణోగ్రత ప్రోబ్‌లు బిగించండి. నేల మీద మొదటిసారి నడిపాక, ఎగరకముందే ఆయిల్ జల్లెడ ఇంకోసారి విప్పి, తెల్లగుడ్డ మీద దులిపి చూడండి.