డీవీడీ ప్లేయర్‌ను ప్రొజెక్టర్ వీజీఏకి కలిపే ముందు జాగ్రత్తలు

• ముందు ప్రొజెక్టర్ మాన్యువల్ తీయండి. వీజీఏ పోర్టు (కంప్యూటర్‌ను కలిపేది) కాంపోనెంట్ సిగ్నల్ (బొమ్మను వై, పీబీ, పీఆర్ అనే మూడు వైర్లలో పంపేది) తీసుకుంటుందని అందులో ఉండాలి. లేకపోతే ఉత్త కేబుల్‌తో పని జరగదు, సిగ్నల్‌ను ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా వెళ్లే సిగ్నల్) మార్చే కన్వర్టర్ కావాలి. అది లేకుండా కలిపితే బొమ్మంతా ఆకుపచ్చగా కొడుతుంది, లేదా అసలు రాదు. కేబుల్ పోయిందనుకుని ఇంకోటి కొనేస్తుంటారు, దండగ.

• కేబుల్‌కు ఒకవైపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఆర్‌సీఏ పిన్నులు, రెండోవైపు 15 పిన్నుల వీజీఏ ఉండాలి. పసుపు పిన్ను ఉన్నది ఇందుకు పనికిరాదు.

• ప్లేయర్ వెనక ఎరుపు జాక్‌లు రెండుంటాయి, ఒకటి ఆడియోది. రంగు చూసి గుచ్చేయకుండా పక్కనున్న అక్షరాలు చదవండి.

• ప్లేయర్ ఇంకా టీవీకి ఉన్నప్పుడే సెటప్‌లో కాంపోనెంట్, ప్రోగ్రెసివ్ (480పీ లేదా 576పీ) పెట్టేయండి. ముఖ్యమైనది ఇదే. తర్వాత తెర నల్లగా ఉంటే మెనూ కూడా కనిపించదు మరి! టీవీలో బొమ్మ పోతే కంగారు పడొద్దు, మామూలు వీడియో అవుట్ ఆగి ఉండొచ్చు.

• రెండింటి పవర్ ఆపి కలపండి.

• రంగులు తేడాగా ఉంటే ప్రొజెక్టర్ మెనూలో సిగ్నల్ రకాన్ని ఆటో నుంచి కాంపోనెంట్‌కు మార్చండి.

• వీజీఏలో సౌండ్ రాదు. స్పీకర్లకు వేరే వైరు.